బాత్రూం గోడకు బిగించిన అంగడి

అమెరికాలో హైవే పక్కన ట్రక్‌స్టాప్‌లలో, మగవాళ్ల రెస్ట్‌రూమ్ గోడకి ఒక ఇనప్పెట్టె బిగించి ఉంటుంది. దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఒక్కసారి కొట్టుకునే అత్తరు, కండోమ్ అన్నీ పక్కపక్కనే. ఏళ్ల తరబడి ఆ దారుల్లో తిరిగాను గాని, దాని ముందు నిలబడి కొనేవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఎవరు కొంటారివి?

చివరికి నేనే కొన్నాను. ఇండియానా మీదుగా ఓ పెళ్లికి పోతున్నాం. పట్టుపంచె తెచ్చుకున్నాను, దువ్వెన మరిచాను. బయట కొట్లో లేదు. రెండు క్వార్టర్లు, అంటే పావు డాలరు బిళ్లలు, వేసి పిడి తిప్పాను. దువ్వెన పడింది. అది పడిన తీరు చూశాక మళ్లీ రెండు క్వార్టర్లు వేసి ఇంకోటి కొన్నాను, ఈసారి దువ్వెన కోసం కాదు.

దానికి కరెంటు లేదు. తడి గోడ మీద అదే మంచిది. నాణెం వేయకుండా పిడి తిప్పి చూడండి, కాస్త కదిలి ఆగిపోతుంది. లోపలి చక్రానికి సరిగ్గా నాణెమంత గాడి ఉంటుంది. గాడి ఖాళీగా ఉంటే స్ప్రింగు కట్టిన చిన్న కొక్కెం అందులోకి దిగి చక్రాన్ని పట్టేస్తుంది. నాణెం ఉంటే దాని అంచే కొక్కేన్ని పైకెత్తి దాటిస్తుంది. చిన్న బిళ్ల వేస్తే కొక్కెం లేవదు. పెద్దది అసలు దూరదు. సగం తిప్పి, మనసు మార్చుకుని వెనక్కి తిప్పుదామంటే పళ్లచక్రం ఒప్పుకోదు. వినిపించే టకటక దానిదే. యంత్రాన్ని ఒక భాగం తక్కువగా తయారుచేశారన్నమాట, ఆ భాగం కొనేవాడి జేబులో ఉంటుంది.

అందుకే నాణెం కొలత మారకూడదు. క్వార్టరు వ్యాసం 24.26 మిల్లీమీటర్లు. 1965లో చట్టం తెచ్చి అందులో వెండి తీసేసినప్పుడు బరువు 6.25 గ్రాముల నుంచి 5.67కి తగ్గింది గాని వ్యాసాన్ని ముట్టుకోలేదు. అప్పటికే దేశమంతా ఉన్న నాణేల యంత్రాలు మొరాయించకుండా చూసి మరీ కొత్త లోహం ఎంచుకున్నారు. మన ఐదు రూపాయల బిళ్ల సంగతి వేరు. చాలాకాలం 23 మిల్లీమీటర్లుండి, 2019 వరసలో 25 అయింది. మన కాలేజీల్లో ఆడపిల్లల బాత్రూముల్లో శానిటరీ న్యాప్‌కిన్ల పెట్టెలు, నాణెం వేసి పిడి తిప్పేవే, ఉన్నాయి. వాటిని ఎవరు కొంటారని అడిగేవాడు మగవాడే అయ్యుంటాడు. పాత కొలతకు చేసిన గాడిలో కొత్త బిళ్ల పట్టక, అవసరం నెత్తిమీదున్న పిల్ల పర్సంతా వెతుక్కోవాల్సి రావడం అన్యాయం.

ఈ జాతి యంత్రాల్లో మనకు తెలిసిన అతి పాతది కూడా చేతులు కడుక్కునే చోటిదే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన దాన్ని వర్ణించాడు. గుడి వాకిట పాత్రలో ఐదు ద్రాక్మాల నాణెం వేస్తే అది లోపల తక్కెడ లాంటి మీట కొసన పడుతుంది. ఆ కొస వంగితే రెండో కొస మూత ఎత్తుతుంది, శుద్ధి నీళ్లు కారతాయి. నాణెం జారిపడగానే మూత పడుతుంది. అందులో నాణెం బరువు పనిచేస్తే, ఇందులో వెడల్పు పనిచేస్తుంది.

ఈ ఇనప్పెట్టెలో ఒక లోపం చెప్పి తీరాలి. కింద సరుకు పడే అర మరీ ఇరుకు, నా రెండు వేళ్లే పట్టాయి. దొంగచేతులు పైకి పోకుండా అలా చేసి ఉంటారు గాని, చేతులు తడిగా ఉన్నవాడికి అది నరకం.

రోజుల తరబడి ఎవరూ తాకకుండా, తడిలో, వాసనలో ఉండి, దిక్కులేని ఒక్కడు వచ్చినప్పుడు మొదటి తిప్పుకే పనిచేయాలి ఆ పెట్టె. నాకు రెండుసార్లూ పనిచేసింది. దువ్వెన మాత్రం నాసిరకం, పెళ్లిమంటపం చేరేలోపే రెండు పళ్లు ఊడాయి.