బంగారు తాడూ, బి.పి. పట్టీ

"పిన్నీ, నువ్వు నవలలు రాస్తావుగా, ఇదెలా ఉందో చెప్పు" అంటూ మా అక్కయ్య కూతురు నా ఒళ్ళో ఓ బొమ్మల పుస్తకం పడేసింది. వండర్ ఉమన్ కథలు. ఆ వీరనారి దగ్గరో బంగారు తాడుంటుంది. ఎవరికి చుట్టినా సరే, నిజం కక్కి తీరాల్సిందే! అలాంటి తాడొకటి ఇంట్లో ఉంటే ఎంత బాగుండునో అనుకోని ఇల్లాలుంటుందా చెప్పండి?

కథగా నాకు నచ్చింది. పేచీ అంతా రాసినాయనతోనే. 1941లో ఈ పాత్రను సృష్టించిన విలియం మోల్టన్ మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, రక్తపోటు చూసి అబద్ధం పట్టెయ్యొచ్చని వాదించాడు. ఆ ఊహ ఎలా తట్టిందో వాళ్ళబ్బాయి చెప్పాడు. తనకి కోపమో ఉద్వేగమో వస్తే రక్తపోటు పెరుగుతున్నట్టుందని భార్య ఎలిజబెత్ అందిట.

చూశారా, ఆవిడ చెప్పింది కోపం సంగతి. అబద్ధం సంగతి కాదు!

ఆ తరవాత ఊపిరి, చెమట కూడా కొలిచే పాలీగ్రాఫ్ యంత్రాలొచ్చాయి. ఎన్ని తీగలు తగిలించినా అవి పట్టేది గుండె దడనే. ఆ దడ ఎందుకొచ్చిందో వాటికేం తెలుసు? అయినా యంత్రాన్ని అనడమెందుకు? నా మొదటి నవలలో గొలుసు పోయినప్పుడు కోడలి చేతులు వణికాయని రాసి, దొంగ ఆమేనని తేల్చేశాను. మొన్న మళ్ళీ చదువుకుంటే సిగ్గేసింది. అత్తగారు నలుగురిలో నిలదీస్తే ఏ కోడలి చేతులు వణకవు?

1923లో ఫ్రై అనే నిందితుడి కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు మార్‌స్టన్ పరీక్షను సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ఆయన తగ్గితేనా! 1938లో గడ్డం బ్లేడ్ల ప్రకటనలో కూడా తన పరీక్షతో ప్రత్యక్షమయ్యాడు.

ఇక దడే పుట్టని మహానుభావులున్నారు. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.లో ఉంటూ సోవియట్లకు రహస్యాలమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్, 1986లోనూ 1991లోనూ ఈ పరీక్షలో నెగ్గాడు. అక్కడే పనిచేసే శాండీ గ్రైమ్స్ అనే ఆవిడ, మనం పాల లెక్క సరిచూసుకున్నట్టు తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. సోవియట్ దౌత్యాధికారితో ఇతగాడు భోజనం చెయ్యడం, ఆ వెంటనే బాంకులో డబ్బు పడడం! 1994లో అరెస్టయ్యాడు.

మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్ష చెయ్యకూడదని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పింది. మంచిదే. కానీ ఒప్పుకోననగానే "ఏమీ చెయ్యకపోతే భయమెందుకమ్మా?" అనే నోళ్ళని ఏ కోర్టు మూయిస్తుంది?

"కథ బాగుందా లేదా పిన్నీ?" అని మళ్ళీ వచ్చింది పిల్ల.

"బాగుందే. ఆ ఎలిజబెత్ గారి కథ కూడా ఎక్కడైనా దొరికితే పట్టుకురా" అన్నాను.