నేరారోపణ పత్రం ఎవరి సొత్తు?

న్యాయవిచారణ బహిరంగంగా జరగాలన్నది మన న్యాయవ్యవస్థ ఒప్పుకున్న సూత్రమే. 1966లో నరేశ్ మిరాజ్కర్ కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రాన్ని బలపరచింది; అసాధారణ సందర్భాలలో మినహాయింపు ఉండవచ్చునన్నది. కాని తలుపు తెరచి కాగితాలు మూసిపెడితే, కోర్టు హాలులో కూర్చున్న సామాన్యునికి తెలిసేదెంత? క్రిమినల్ కేసు నడిచేది చాలావరకు కాగితాల మీదనే. వాటిలో ముఖ్యమైనది చార్జిషీటు.

2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటులో ఉంచాలని ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులను మినహాయించింది. 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో అదే కోర్టు, చార్జిషీట్లకు ఇది వర్తించదన్నది. అవి నాటి సాక్ష్యచట్టం 74వ సెక్షన్ చెప్పే పబ్లిక్ దస్తావేజులు కావనీ, అందరి ముందూ పెడితే ముద్దాయి హక్కులకూ, బాధితుల హక్కులకూ భంగమనీ కారణాలు చూపింది. అంటే, దర్యాప్తుకు ముందు ఎవరో చేసిన ఆరోపణ లోకానికి తెలియవచ్చు. దర్యాప్తు ముగించి రాజ్యం తానే చేసిన ఆరోపణ మాత్రం తెలియరాదు!

ముద్దాయి పరువు గురించిన చింతను తేలికగా కొట్టివేయలేము. చార్జిషీటు ఒక పక్షం మాట, తీర్పు కాదు. అయితే దానిని దాచినంత మాత్రాన పోలీసుల కథ దాగుతున్నదా? 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో హైదరాబాదులో వరవరరావునూ, ఇతర నగరాలలో మరి నలుగురినీ అరెస్టు చేశారు. మూడు రోజులకే పోలీసు అధికారులు కొన్ని ఉత్తరాలను పత్రికలవారి ముందు చదివారు. సెప్టెంబరులో న్యాయమూర్తి చంద్రచూడ్ తన భిన్నాభిప్రాయ తీర్పులో ఈ పనిని తప్పుపట్టారు. పరువుకు హాని జరగనే జరిగింది. ఆ కథను సరిచూసుకునే సాధనం మాత్రం ప్రజల చేతిలో లేదు. మూలగ్రంథాన్ని దాచి వ్యాఖ్యానాన్ని పంచిపెట్టే పండితుణ్ణి మనం నమ్ముతామా?

చార్జిషీటు నకలు ముద్దాయికైనా అందుతుంది. సీలు వేసిన కవరు అతనికి సైతం అందదు. చిదంబరం బెయిలు కేసులో ఢిల్లీ హైకోర్టు అటువంటి కవరులోని కాగితాలనుబట్టి అభిప్రాయాలు రాసింది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు అది సమర్థనీయం కాదన్నది. తనపై మోపిన నింద ఏమిటో తెలియనివాడు దానికి జవాబెలా చెప్పగలడు?

మరుగు ఎప్పుడూ చెడ్డదని కాదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని చట్టమే అంటున్నది, అది న్యాయం. బలహీనులను కాపాడే మరుగు వేరు, బలవంతుడైన రాజ్యం తనకు తాను కప్పుకునే మరుగు వేరు. ఈ రెంటినీ ఒకే గాటకట్టడం 2023 నాటి తీర్పులోని లోపం.

కనుక మేజిస్ట్రేటు కేసును విచారణకు స్వీకరించిన తరువాత, బాధితుల వివరాలూ, రక్షణ అవసరమైన సాక్షుల వివరాలూ తొలగించి చార్జిషీటును ప్రజల ముందు ఉంచాలి. ఏ కాగితానికైనా సీలు వేయదలిస్తే కోర్టు కారణాలు రాసి, గడువు పెట్టి, ఎదుటి పక్షానికి దానిని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. న్యాయవాద సంఘాలూ, విద్యార్థి ఉపాధ్యాయ సంఘాలూ కలసి అడగవలసిన కోర్కె ఇది.