నంబరు పడేదాకా తాళం ముట్టొద్దు

ఈ వారం ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే రోడ్డులో ఒక కొత్త బైకును చూసి మనసు చివుక్కుమంది. హ్యాండిలుకు బంతిపూల దండ, ట్యాంకు మీద పసుపు కుంకుమ, ముందు నిమ్మకాయ, మిరపకాయలు. నంబరు ఉండాల్సిన చోట మాత్రం ‘ఫర్ రిజిస్ట్రేషన్’ అని అచ్చేసిన కాగితం. అడిగితే, ‘షోరూమోళ్లే అతికించి పొమ్మన్యారన్నా, నంబరు వారంలో వస్తాదంట’ అన్నాడు ఆ పిల్లోడు.

బండికి పూజకన్నా ముందు కాగితాలు కావాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. నా చిన్నతనంలో ఇదే దారిన క్యాబిన్ లేని లారీ ఛాసిస్‌లు పోయేవి. ఇంజను, చక్రాలు, వెనక రెండు ఇనుప దూలాలు, అంతే. డ్రైవరు చెక్కమీద కూర్చుని, దుమ్ము కొట్టకుండా మొహానికి తువ్వాలు చుట్టుకుని, బాడీ కట్టే షెడ్డు దాకా నడుపుకుంటూ పోయేవాడు. ఆ అస్థిపంజరానికి కూడా తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) నంబరు ఉండేది.

1988 మోటారు వాహనాల చట్టం 43వ సెక్షన్‌లోని టీఆర్ అదే. అప్పట్లో దాని గడువు నెల, 2019 సవరణతో ఆరు నెలలైంది. పసుపు ప్లేటు మీద ఎర్ర అక్షరాలుండాలి, కాగితం చెల్లదు. చెన్నై రేవులో దిగిన విదేశీ కారుకైనా కస్టమ్స్ క్లియరెన్స్, బీమా, టీఆర్ ఉంటేనే చక్రం రోడ్డెక్కాలి. లేదంటే లారీ మీద రావాల్సిందే.

ఆ పిల్లోణ్ణి గట్టిగా మందలిస్తూ రాద్దామనే కూర్చున్నాను. చట్టం మళ్లీ తిరగేస్తే అసలు తప్పు షోరూమ్‌దేనని తేలింది. మన రాష్ట్రంలోనే కొన్న కొత్త బండికి దరఖాస్తు డీలరే పెట్టాలి, నంబరు ప్లేటు పడేదాకా బండి అప్పగించకూడదు. దరఖాస్తు పెట్టని డీలరుకు ఏడాది పన్నుకు 15 రెట్లు లేదా జీవితకాల పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానా. రోడ్డుమీద దొరికేది మాత్రం కొన్నవాడే. తొలిసారికి 2,000 నుంచి 5,000 రూపాయలు వదులుతాయి. అంతకన్నా పెద్ద దెబ్బ బీమాది. టీఆర్ గడువు దాటాక ప్రమాదానికి గురైన బండికి నష్టపరిహారం రాదని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

బండి కొనే తమ్ముళ్లారా, డబ్బు మొత్తం కట్టినా సరే, నంబరు పడేదాకా తాళం ముట్టొద్దు. బళ్లారిలోనో రాయచూరులోనో కొంటే టీఆర్ చేయించుకునే పొలిమేర దాటండి.