పురుగుకు పురుగే మేత

బియ్యం డబ్బాలో గింజల్ని సన్నటి దారాలతో ముద్ద కట్టే పురుగు కనిపిస్తే, వెంటనే బియ్యం ఎండలో పోస్తాం. ట్రైకో కార్డులు తయారుచేసే చోట అదే పురుగును కోరి పెంచుతారు. పేరు కార్సైరా. పత్తి చేలో కాయ తొలిచే పురుగు మీదికి పంపే ట్రైకోగ్రామాకు దీని గుడ్లే ఆధారం.

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు ఉండే కందిరీగ. అది రెక్కల పురుగుల గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. ఇక ఆ గుడ్డులోంచి వచ్చేది పురుగు కాదు, ఇంకో కందిరీగ. లక్షల్లో కావాలంటే చేలో గుడ్లు ఏరితే కుదరదు. అందుకే 1920ల చివర కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ ధాన్యాన్ని తొలిచే రెక్కల పురుగు గుడ్ల మీద వీటిని పెంచే దారి చూపాడు. మన దేశంలో ఆ పని కార్సైరా చేస్తోంది.

ట్రేలో రెండున్నర కిలోల జొన్న నూక గానీ సజ్జ నూక గానీ పోస్తారు. ముందుగా దాన్ని వంద డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాలి. తొందరపడి చెడిపోయేది ఇక్కడే. వేడి చాలకపోతే నల్లులు బతికిపోయి కార్సైరా గుడ్లను తినేస్తాయి. బ్రాకాన్ అనే మరో కందిరీగ దూరిందా, ట్రేలో పురుగులన్నీ దాని పాలే. చేలో బ్రాకాన్ మన మిత్రుడు, ఈ గదిలో మాత్రం దొంగ. చల్లారిన నూకలో వంద గ్రాముల వేరుశనగ పప్పు పొడి, కాస్త ఈస్టు, గంధకం కలిపి, అర సీసీ గుడ్లు చల్లి గుడ్డ కప్పుతారు. గది 26-28 డిగ్రీల మధ్య ఉండాలి. గుంటూరు ఎండకు అదే పెద్ద ఖర్చు.

నలభై రోజులకు రెక్కల పురుగులు లేస్తాయి. వాటి రెక్కల పొడి ఊపిరితిత్తులకు పడదు, ముక్కుకు మాస్కు లేకుండా ఆ గదిలోకి వెళ్లకూడదు. రాలిన గుడ్లను జల్లించి, లోపలి పిండం చచ్చేలా అతినీలలోహిత కాంతి కింద పెట్టి, జిగురుతో కార్డుకు అంటిస్తారు. ట్రైకోగ్రామా గుడ్లు పెట్టిన నాలుగో రోజుకు కార్డు నల్లబడుతుంది. వారానికి కందిరీగలు బయటికొస్తాయి.

విదేశాల్లో ఊసరవెల్లుల్ని పెంచేవాళ్లు వాటికి వేసే కీచురాళ్లకు ముందు మంచి ఆకు తినిపిస్తారు. ఇక్కడా సూత్రం అదే. నూక పాడైతే గుడ్డు చిన్నదవుతుంది, చిన్న గుడ్డులోంచి వచ్చే కందిరీగకు ఎగిరే సత్తువ ఉండదు.

ఇంత శ్రమ ఎందుకో ఈ నల్లరేగడికి తెలుసు. 1987-88లో శనగపచ్చ పురుగు విరుచుకుపడితే, మందు మీద మందు కొట్టి అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత బీటీ పత్తి వచ్చింది. గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. ఆ పురుగుకు బాక్ట్రే అనే రకం కార్డులు వాడాలి.

అయితే కార్డు సర్వరోగ నివారిణి కాదు. 2021లో మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ట్రైకోగ్రామాకు లొంగదు, ఎందుకంటే తామర పురుగు గుడ్డు ఆకు కణజాలంలో దాగి ఉంటుంది. లొంగుతుందని అమ్మేవాళ్లను నమ్మకండి. అక్కడ అల్లిక రెక్కల పురుగు పిల్లలు కొంత పనికొస్తాయి. వాటినీ కార్సైరా గుడ్లతోనే పెంచుతారు, కాకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి ఒక్కోదాన్నీ వేరే గడిలో ఉంచాలి. ఈ పెంపకాలన్నీ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పుతుంది.

లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడడం మొదలవగానే ఎకరాకు మూడు కార్డుల లెక్కన ముక్కలు చేసి, సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టండి. ఆ వారం మందు జోలికి పోకండి. కొనేటప్పుడు తయారైన తేదీ అడగండి. ఒక చిన్న ముక్క గాజు సీసాలో ఉంచి చూడండి, వారం దాటినా ఏమీ ఎగరకపోతే ఆ కార్డులు అమ్మినవాడికే తిరిగివ్వండి.