అస్థిపంజరానికి ఏ ఊరి తుప్పు?

యుద్ధ ట్యాంకుల నమూనాలు చేసేవాళ్లకు పాత ఫొటోలు దొరుకుతాయి. బురద ఎంత ఎత్తు దాకా పట్టిందో, మసి ఎటు పరుచుకుందో, రంగు ఏ అంచున పెచ్చులూడిందో వాటిలో చూసుకోవచ్చు. సమాధి పెకలించుకుని లేచొచ్చిన అస్థిపంజర సైనికుడికి అలాంటి ఆధారం ఏదీ ఉండదు. వాణ్ని చూసినవాళ్లే లేరు. అందుకే వాడి కత్తి మీది తుప్పు మాత్రం అచ్చమైన తుప్పులాగే ఉండాలని నా పట్టుదల. మనిషే కల్పితమైనప్పుడు, చూసేవాడి కన్ను నమ్మకం కోసం వెతుక్కునేది ఆ తుప్పునే.

టేబుల్ మీద సేనల్ని మోహరించి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడే ఆటల బొమ్మలివి. బ్రిటన్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ 1983లో తెచ్చిన వార్‌హ్యామర్ వీటిలో అందరికంటే పెద్ద పేరు. సైనికులు ముక్కలుగా వస్తారు. అతికించుకోవడం, రంగులేసుకోవడం మన పని. ఆట ఒక పూటలో అయిపోతుంది, రంగుల పని నెలల తరబడి సాగుతుంది. మెరిసే కొత్త బొమ్మ ఎండకీ వానకీ తిరిగినట్టు, దెబ్బలు తిన్నట్టు కనిపించేలా చేసే పనిని వెదరింగ్ అంటారు. ఈ మొత్తం వ్యవహారంలో నా మనసంతా అక్కడే ఉంటుంది.

ముందు కొలత సంగతి. ఈ బొమ్మల పాత కొలత 28 మిల్లీమీటర్లు, పాదం నుంచి కంటి దాకా. అంటే మనిషిలో దాదాపు 60వ వంతు. ఈ లెక్కన డాలు మీద 1 మిల్లీమీటరు మచ్చ పెడితే, నిజం డాలు మీద అది 6 సెంటీమీటర్ల గాయం. కుంచెతో అంతకంటే చిన్న చుక్కలు వందలకొద్దీ పెట్టవచ్చు గానీ, చెయ్యి తెలియకుండానే వరసలు కట్టేస్తుంది. స్పాంజికి ఆ అలవాటు లేదు. చిటికెడు ముక్క చింపి, ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా అద్దేసి, మిగిలిన ఆ కాస్తంతతో డాలు అంచులను తాకాలి. అంచులనే ఎందుకంటే, దెబ్బ మొదట తగిలేది అక్కడే. తర్వాత సన్నని కుంచెతో ఒక్కో పెచ్చు కింది అంచున లేత రంగు గీత గీస్తాను. పైనుంచి పడే వెలుతురు ఊడిన రంగు అంచు మీద ఆగినట్టు కనిపిస్తుంది. చదునైన ప్లాస్టిక్ మీద లోతు పుట్టేది ఆ గీతతోనే.

లోహాలన్నీ ఒక్కలా ముసలివి కావు. ఇనుము తుప్పు పడుతుంది, కంచు చిలుము పడుతుంది. విశాఖలో సముద్రానికి దగ్గరి ఇళ్ల కిటికీ ఊచలు చూడండి. ఉప్పుగాలికి తుప్పు ముందు వెల్డింగు అతుకుల దగ్గరా, నీళ్లు నిలిచే మూలల్లోనూ మొదలవుతుంది. కొత్త తుప్పు నారింజ రంగులో, పాతది నలుపు తిరిగిన గోధుమలో ఉంటుంది. అందుకని ముదురు రంగు ఎక్కువ మేర అద్ది, దాని మధ్యలో తక్కువగా ఇటుక రంగు, అక్కడక్కడ మాత్రమే నారింజ పెడతాను. ఊచల కింద గోడ మీద కారిన చారలు ఉంటాయి. కానీ మట్టిలో పడుకుని ఉన్న కత్తికి చారలెక్కడివి? దానికి మచ్చలే ఉండాలి.

చిలుముకు నాకు పాఠం చెప్పింది ఇత్తడి బిందె. చింతపండు పెట్టి ఎంత తోమినా మెడ దగ్గరి మడతలో పచ్చదనం మిగిలిపోతుంది, వేళ్లు తగిలే అంచు మాత్రం తళతళలాడుతుంది. కంచు డాలుకూ అంతే. నీలం కలిసిన లేత ఆకుపచ్చను నీళ్లంత పలచగా చేసి చెక్కడాల్లోకి పారనిస్తాను. ఆరకముందే వేలితో ఒక్కసారి ఉబ్బెత్తు భాగాలు తుడిచేస్తాను.

పాత వార్‌హ్యామర్‌లో అస్థిపంజరాల సేనలు ప్రధానంగా రెండు. ఒకటి సిల్వేనియా అనే చీకటి, చెమ్మ నేలలో రక్తపిశాచుల కింద నడిచేది. రెండోది నెహెకారా ఎడారిలో, ఈజిప్టును తలపించే సమాధుల్లోంచి లేచేది. ఎముకలు అవే ఎముకలు, వాతావరణం మాత్రం వేరు. చెమ్మ మట్టిలో ఎముక గోధుమరంగు పీల్చుకుంటుంది, ఎండకు ఎముక పాలిపోతుంది. నీరు లేనిచోట తుప్పు నత్తనడక నడుస్తుంది, కంచు పచ్చబడటం కన్నా ముదురు గోధుమకు తిరగడమే ఎక్కువ. ఒకే తుప్పును రెండు సేనలకూ పూసేసినవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ సైనికుడు ఎక్కడివాడో చెప్పే అవకాశం చేతికొచ్చి జారిపోయింది కదా!

అసలు మురికే వద్దనేవాళ్లూ ఉన్నారు. గేమ్స్ వర్క్‌షాప్ సొంత చిత్రకారుల బృందం ఎవీ మెటల్‌ది శుభ్రమైన, అంచులన్నీ వెలిగే పద్ధతి. అదే సంస్థకు చాలాకాలం కళా దర్శకుడిగా ఉన్న జాన్ బ్లాంష్ బొమ్మలేమో మసి, ఇటుకపొడి, పాత కాగితం రంగుల్లో మునిగి ఉంటాయి. నా మొగ్గు బ్లాంష్ వైపే. అయినా 1987 నుంచి జరుగుతున్న గోల్డెన్ డీమన్ పోటీల బొమ్మలు చూసి నేర్చుకున్నది వదలను: మురికి కనబడాలంటే పక్కన శుభ్రమైన చోటు ఉండాలి. బొమ్మంతా పలచని గోధుమ రంగు కుమ్మరించేస్తే ఏ మచ్చా కనబడదు.

మన వాతావరణమూ ఈ పనిలో వేలు పెడుతుంది. మే నెలలో ఫ్యాన్ కింద ఆక్రిలిక్ చుక్క కళ్లముందే గట్టిపడుతుంది. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దానిపైన బటర్ పేపర్ పరుచుకుని రంగు కలుపుకుంటే గంటలపాటు నిలుస్తుంది. వానాకాలం ముసురులో ప్రైమర్ స్ప్రే కొట్టకపోవడమే మేలు, గరుకుగా దిగుతుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది ఎడారి సేన. 2024లో ద ఓల్డ్ వరల్డ్ పేరుతో ఆ పాత వార్‌హ్యామర్ ఆట తిరిగి వచ్చినప్పుడు మొదట వచ్చిన రెండు సేనల్లో ఇదొకటి. కాళ్లకు మోకాలి దాకా లేత ఇసుక పొడి అద్దాను, కింద దిమ్మె మీది ఇసుక కూడా అదే రంగు. ఇసుకగాలి ఒరుసుకుపోయే అంచుల్లో కంచు బయటపడి మెరుస్తోంది. ఇక ఈ సేనను నడిపే రాజుగారి ముఖానికి బంగారు తొడుగు మిగిలింది. బంగారానికి తుప్పూ లేదు, చిలుమూ లేదు. కంటిగుంతల్లో సన్నగా నీడ తిప్పి, మిగతాదంతా నిన్న పోతపోసినంత కొత్తగా వదిలేస్తాను.