‘తొలగించు’ మీట ఏమి తొలగించుచున్నది?

పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారుచోట, లోయ అంచున గండికోట యున్నది. పూర్వమెప్పుడో ఆ కోట ద్వారము దాటుటకు ఒకనికి ముద్రిక ఇచ్చినారనుకొనుడు. ఇక తనకు పనిలేదని అతడు దానిని పెన్నలోనికి విసరివేసెను. కాని ఆ ముద్ర చూపినవారికి తలుపు తీయుమని కావలివానికి ఇచ్చిన ఉత్తరువు అట్లే నిలిచియున్నది. అట్టిదే మరియొక ముద్రిక ఇంకొకరి యొద్ద ఉన్నచో వారికి తలుపు తెరచుకొనును గదా!

ఇంటర్నెట్టుతో ముడిపడిన ఆరోగ్య పరికరముల సేవలలో ‘తొలగించు’ అను మీట పెక్కుసారులు చేయుచున్నది ఈ విసరివేతయే. మాట మాత్రము అంతకంటె చాల ఎక్కువ చెప్పుచున్నది.

గండికోటలో ఒక వృద్ధుడు ప్రతి ఉదయము రక్తపోటు యంత్రపు పట్టీని చేతికి చుట్టుకొనుననుకొనుడు. యంత్రము బ్లూటూత్ ద్వారా అంకెలను ఇంటిలోని ఫోనుకు పంపును. ఆ ఫోను వానిని ఎక్కడనో యున్న సర్వరుకు చేర్చును. కడప జిల్లానుండి కువైటుకు పోయినవారెందరో. అతని కుమారుడును వారిలో ఒకడు. అతడు అదే ఖాతాను తన ఫోనులో తెరచి తండ్రి ఆరోగ్యమును కనిపెట్టుచుండును. ఒకనాడు అడుగులు లెక్కించు వేరొక యాప్ అడుగగా, ఆ ఖాతాను చూచుటకు దానికి అనుమతి ఇచ్చి మరచిపోయెను. తరువాత పాత ఫోనును మిత్రునికి ఇచ్చుచు అందలి యాప్‌లన్నిటిని తొలగించెను. దానితో తలుపు మూసినట్లే అనుకొనెను.

తలుపు మూయబడలేదు. ఏలయనగా ఇచట పనిచేయుచున్నది పాస్‌వర్డు కాదు, టోకెను. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓఆత్ 2.0 పద్ధతిలో, వేరొక యాప్‌కు పాస్‌వర్డు చెప్పనక్కరలేదు. సర్వరు దానికి టోకెనులు ఇచ్చును. సాధారణముగా ఇవి రెండు. మొదటిది స్వల్పకాలమే చెల్లును. రెండవది దీర్ఘకాలము నిలిచి, మొదటిదాని గడువు తీరినప్పుడెల్ల క్రొత్తదానిని తెచ్చిపెట్టును. పద్ధతి మెచ్చదగినదే. కాని ఫోనునుండి యాప్‌ను తీసివేసినప్పుడు పోవునది ఆ ఫోనులోని ప్రతి మాత్రమే. అడుగుల యాప్‌వారు తమ సర్వరులో దాచుకొన్న టోకెనును ఎవరును ముట్టలేదు. వృద్ధుడు పట్టీ చుట్టుకొన్నప్పుడెల్ల ఆ అంకె అక్కడికి పోవుచునే యుండును.

టోకెనును రద్దుచేయుమని సర్వరుకు తెలుపు విధానము లేకపోలేదు. అదియు 2013 ఆగస్టులోనే ప్రమాణముగా ప్రకటింపబడినది. కనుక లోపము శాస్త్రమునది కాదు, మీటలకు పేర్లు పెట్టినవారిది. ఫోనులో ఖాతానుండి బయటికి వచ్చుట, ఇతరుల అనుమతిని రద్దుచేయుట, నిలువయున్న అంకెలను తుడిచివేయుట, ఖాతానే మూసివేయుట — ఇవి నాలుగు వేర్వేరు పనులు. నాలుగింటికిని ‘తొలగించు’ అనియే వ్రాసినచో, తాళపుచెవిని మాత్రమే వదలించుకొనగోరినవాడు ధాన్యపు కొట్టునే తగులబెట్టుకొనవచ్చును. మూడేండ్ల రక్తపోటు అంకెలు పోయినచో, జమ్మలమడుగులోని వైద్యుడు మందు మోతాదును దేనిని చూచి సవరించును?

కోటలు చేతులు మారుట క్రొత్తగాదు. గండికోటయే 17వ శతాబ్ది మధ్యలో పెమ్మసాని నాయకులనుండి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. 2008లో ఫ్రాన్సులో స్థాపింపబడి, ఇంటర్నెట్టుకు అంకెలు పంపు బరువు యంత్రములతో పేరొందిన విథింగ్స్ సంస్థను 2016లో నోకియా కొన్నది. 2018లో అది మరల స్థాపకులలో ఒకరి చేతికి వచ్చినది. యంత్రముమీద నిలుచున్నవాడు కదలకయే అతని అంకెల కాపరి రెండుమార్లు మారెను. మరచిన అనుమతులను వెదకి చూచుకొనుటకు ఇంతకంటె కారణము కావలెనా?

మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఒక మంచి మాట చెప్పినది: అనుమతి ఇచ్చుట ఎంత సులువో, ఉపసంహరించుకొనుటయు అంతకు దీటుగా సులువై యుండవలెను. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్య బాధ్యతల అమలుకు 18 మాసముల గడువు ఇవ్వబడినది. 2019 నాటి బిల్లు ఆరోగ్య సమాచారమును ప్రత్యేక తరగతిగా ఎంచినది. చట్టము ఆ విభజనను వదలివేసినది. ఇది చిన్న లోటు కాదు. ‘దీటుగా సులువు’ అను మాటకు మాత్రము కొలత తేలికయే: ఇచ్చునప్పుడు ఎన్ని నొక్కులు, తీసుకొనునప్పుడు ఎన్ని? నేడు చాల యాప్‌లలో ఇచ్చుటకు ఒక నొక్కు చాలును. రద్దుచేయు మీట సెట్టింగులలో నాలుగైదు అరల లోపల దాగియుండును.

పాఠశాలలో దీనిని పరీక్షింపవచ్చును. ఎవరి ఆరోగ్య వివరములును లేని ఖాతానొకదానిని ఉపాధ్యాయుడు పరీక్షకై తెరచి, రెండు ఫోనులలో ఉంచవలెను. మొదటి ఫోనునుండి వేరొక యాప్‌కు అనుమతి ఇచ్చి, ఆ ఫోనులోని ఆరోగ్య యాప్‌ను తొలగించి, రెండవ ఫోనును జేబులో వేసికొని ఆటస్థలము చుట్టును నడువవలెను. అనుమతి పొందిన యాప్‌లో అడుగుల సంఖ్య పెరిగినచో టోకెను బ్రతికియున్నట్లే. పిమ్మట ఖాతాలోని అనుమతుల జాబితా తెరచి, దానిని రద్దుచేసి, మరల నడువవలెను. ఈసారి సంఖ్య నిలిచిపోవలెను. అంతకుముందే చేరిన అంకెలు మాత్రము అచటనే యుండును. వానిని తుడిచివేయుమని ఆ యాప్‌వారిని వేరుగా కోరవలసినదే.