బిళ్ళ మీద లేని పేరు

బానిసత్వం గురించి రాయాలనగానే మన కవులకు ముందుగా తోచేది సంకెల. సంకెల అబద్ధం కాదు. కాని సంకెలను చూసి కంటతడి పెట్టడం తేలిక. బానిసత్వాన్ని రోజువారీ వ్యవహారంగా నడిపిన చిన్న చిన్న వస్తువులను చదవడం కష్టం. ఆ చదువు లేని సానుభూతి సాహిత్యం నినాదం దగ్గరే ఆగిపోతుందని నా అభిప్రాయం.

అమెరికాలో, దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరాన్నే తీసుకుందాం. అక్కడ యజమాని తన బానిసను ఇతరుల దగ్గరకు కూలికి పంపాలంటే నగరపాలక సంస్థకు ఏటా రుసుము కట్టి రాగిబిళ్ళ కొనాలి. 1800 మొదలు అంతర్యుద్ధం (1861–65) దాకా వాడిన బిళ్ళలు నేటికీ మిగిలి ఉన్నాయి. నగరం పేరు, సంవత్సరం, సంఖ్య, చేసే పని (నౌకరు, మోతకూలీ, జాలరి, చేతిపనివాడు) వాటిమీద ఉంటాయి. మనిషి పేరు ఉండదు. మన బిళ్ళబంట్రోతు బిళ్ళ, పెట్టుకున్నవాడికి సర్కారు దర్పాన్ని అరువిచ్చేది. ఈ బిళ్ళ మాత్రం, పెట్టుకున్నవాడి కూలి మరొకడిదని చాటే రశీదు. కూలి యజమానికి, రుసుము నగరానికి. కొరడా పట్టినవాడే కాదు, లెక్క రాసిన గుమాస్తా కూడా ఈ దోపిడీలో భాగస్వామి అని ఆ రాగిముక్క సాక్ష్యం చెబుతుంది.

ఇటువంటి గుర్తును సాహిత్యం ఎలా చదవాలో టోనీ మారిసన్ 'బిలవెడ్' (1987) నవల చూపింది. సెత్ తల్లికి అందులో 'అమ్మ' అన్న పిలుపే తప్ప పేరు లేదు. రొమ్ము కింద కాల్చి వేసిన ముద్రను ఆమె కూతురికి చూపి, తన ముఖం పోల్చుకోలేని స్థితి వస్తే దీన్నిబట్టి గుర్తుపట్టమంటుంది. నాకూ ఆ ముద్ర వెయ్యమంటుంది పసిపిల్ల. తల్లి చెంపమీద కొడుతుంది. యజమాని వేసిన ఆస్తిగుర్తును ఆమె తన ఆనవాలుగా మార్చుకుంది. అయినా అది బిడ్డకు వారసత్వం కారాదన్నది. ఆ దెబ్బకు అర్థం, తన ఒంటిమీదా మచ్చ పడ్డాకగాని సెత్‌కు తెలియదు.

బానిసత్వం వస్తువైనంత మాత్రాన రచన అభ్యుదయ రచన కాదు. ఆ గుర్తు వెనుక ఎవరి శ్రమ ఉందో, ఎవరి లెక్క ఉందో, ఎవరి ధిక్కారం ఉందో కనబడాలి. బిళ్ళ రాయని పేరును వెతకడం రచయిత పని. పేరు దొరక్కపోతే కల్పించుకోవచ్చు. లెక్కల పుస్తకాన్ని మాత్రం దాచకూడదు.